కాలేజీ వెబ్‌సైట్‌లోనే పాఠాలూ పరీక్షలూ పెట్టాలా, మూడుల్ వేరుగా పెట్టుకోవాలా?

పటమట_కామర్స్:

నమస్కారమండీ. విజయవాడలో ప్రైవేటు డిగ్రీ కాలేజీ. విద్యార్థులు 640 మంది, లెక్చరర్లు 28 మంది. బీకామ్, బీఎస్సీ ఇంగ్లిష్ మీడియం, బీఏ సగానికి సగం తెలుగు మీడియం. ల్యాబులు రెండు, ఒక్కోదాంట్లో 40 సిస్టమ్‌లు. కాలేజీ సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంది, షేర్డ్ హోస్టింగు (చాలా సైట్లు కలిసి వాడే సర్వర్), కట్టినవాళ్లు బయటివాళ్లు. నోట్సు అంతా వాట్సాప్ గ్రూపుల్లోనూ ఎవరి డ్రైవ్ లింకుల్లో వాళ్ల దగ్గరా చెల్లాచెదురుగా ఉంది.

యాజమాన్యం అంటున్నది: ఉన్న వర్డ్‌ప్రెస్‌కే ఒక ఎల్ఎంఎస్ (పాఠాలూ పరీక్షలూ నడిపే) ప్లగిన్ తగిలించండి, సైటూ ఒకటే, లాగినూ ఒకటే, ఖర్చూ ఉండదు అని. కొందరు లెక్చరర్లు మూడుల్ (పాఠాలకూ పరీక్షలకూ ప్రత్యేకంగా చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్) అంటున్నారు. ఏడాదికి 30 వేల వరకు ఒప్పుకుంటారు. చూసుకోవడానికి ఉన్నది ఒక్క కంప్యూటర్ ఆపరేటరు, ఆయనే ఫీజు రసీదులూ కొడతాడు.

మాకు కావలసినవి: సబ్జెక్టువారీ నోట్సు, నెలకో బిట్ టెస్టు ల్యాబులో, ఇంటర్నల్ మార్కుల లెక్క. ఇంకో తలనొప్పి: మా తెలుగు బిట్ బ్యాంకులన్నీ అను ఫాంటులో ఉన్నాయి. కాపీ చేసి అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసి వస్తున్నాయి. దీనికి దారేమిటి?

బ్రాడీపేట_రూట్:

మేడమ్, వర్డ్‌ప్రెస్‌ను కదపకండి, అలాగని దాన్లో పరీక్షలూ పెట్టకండి. బయటివాళ్లకు చూపించేది వర్డ్‌ప్రెస్‌లో, లోపలి పని మూడుల్‌లో, రెండూ వేర్వేరు సర్వర్ల మీద. సైటు మెనూలో "విద్యార్థి లాగిన్" అని ఒక బటన్ పెడితే యాజమాన్యం అడిగిన "ఒకటే సైటు" ముచ్చటా తీరుతుంది.

ప్లగిన్ ఎందుకు వద్దంటున్నానంటే, మొదటి సంగతి వర్డ్‌ప్రెస్‌లో ఎక్కించిన ఫైళ్లు అప్‌లోడ్స్ ఫోల్డరులో పడతాయి. ఆ చిరునామా తెలిస్తే లాగిన్ లేకుండానే ఎవరైనా తెరుస్తారు, గూగుల్ కూడా వెతికి పట్టుకుంటుంది. నోట్సు అయితే పోనీ అనుకోవచ్చు, మార్కుల షీట్లు అలా బయటపడితే ఏం చెప్పుకుంటారు? రెండోది, షేర్డ్ హోస్టింగులో కాలేజీ సైటు వేగంగా వస్తోందంటే అది పేజీ క్యాషె (ముందే తయారుచేసి ఉంచిన పేజీ నకలు) చలవ. లాగిన్ అయిన మనిషికి ఆ క్యాషె పనిచేయదు, ప్రతి క్లిక్కుకూ పీహెచ్‌పీ (సైటును నడిపే కోడు), డేటాబేస్ కదలాల్సిందే. ఒకేసారి 80 మంది "స్టార్ట్" నొక్కారంటే హోస్టింగువాడు మీ ఖాతాకు కళ్లెం వేస్తాడు, పరీక్షతో పాటు అడ్మిషన్ల పేజీ కూడా పడుకుంటుంది. మూడోది, వర్డ్‌ప్రెస్ సైటులోకి ఏ పాత ప్లగిన్ సందునో ఎవడైనా దూరితే మార్కులూ వాడి చేతికే. యాభై మందికి ఒక చిన్న సర్టిఫికెట్ కోర్సు నడుపుకోవడానికైతే ఆ ప్లగిన్లు చక్కగా సరిపోతాయి, వాటిని తప్పు పట్టడం లేదు.

మూడుల్‌కు 2 కోర్లు, 4 జీబీ ర్యామ్, 80 జీబీ డిస్కు ఉన్న వీపీఎస్ (మీకంటూ విడిగా అద్దెకిచ్చే సర్వర్) చాలు. మీ 30 వేలలో సరిపోతుంది. వెర్షన్ 4.5 పెట్టండి. 2024 అక్టోబరులో వచ్చిన దీర్ఘకాల వెర్షన్ అది, 2027 అక్టోబరు దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. ఉబుంటు 24.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) సొంత ప్యాకేజీల్లోనే పీహెచ్‌పీ 8.3, డేటాబేస్ మరియాడీబీ 10.11 దొరుకుతాయి, 4.5కు రెండూ సరిపడతాయి.

పెట్టాక తప్పకుండా మార్చాల్సినవి కొన్ని ఉన్నాయి. చాలామంది "మూడుల్ స్లో" అని తిట్టుకునేది వీటిని వదిలేసినందుకే.

పీహెచ్‌పీని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్‌లో ఒకేసారి పనిచేసే వర్కర్ల సంఖ్య ఉబుంటులో మొదట 5 మాత్రమే ఉంటుంది. అంటే 80 మందిలో అయిదుగురి పని నడుస్తుంటే 75 మంది వరుసలో నిలబడతారు. దాన్ని పెంచాలి, కానీ లెక్క చూసి పెంచాలి. డేటాబేస్‌కు 1 జీబీ, సిస్టమ్‌కు 700 ఎంబీ తీసేస్తే 2.3 జీబీ మిగులుతుంది. ఒక్కో వర్కరుకు 80 ఎంబీ వేసుకుంటే 28 పడతాయి, 25 దగ్గర ఆపండి. ఎందుకైనా మంచిదని 100 పెట్టారో, రద్దీలో ర్యామ్ అయిపోయి స్వాప్‌లోకి (ర్యామ్ బదులు వాడే డిస్కు జాగా) జారి సర్వర్ మొత్తం బిగుసుకుపోతుంది. ఓపీక్యాషె (పీహెచ్‌పీ కోడును సిద్ధంగా ఉంచేది) ఆన్‌లో ఉండాలి, 256 ఎంబీ ఇవ్వండి.

మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్ (ఒక ఫారంలో తీసుకునే గడుల హద్దు) మామూలుగా 1000 ఉంటుంది, మూడుల్‌కు 5000 కావాలి. తక్కువుంటే పెద్ద ఫారాల్లో కింది గడులు సర్వర్‌కు చేరవు, అరవై మంది మార్కులు ఒకేసారి ఎక్కిస్తే సగం సేవ్ కావు. అప్‌లోడ్ పరిమితి మొదట 2 ఎంబీ, పోస్ట్ పరిమితి 8 ఎంబీ ఉంటాయి. 50, 55 చేయండి. వెబ్ సర్వర్‌గా ఎన్‌జిన్‌ఎక్స్ వాడితే దానికి సొంతంగా 1 ఎంబీ హద్దు ఉంటుంది, అదీ పెంచాలి. లేకపోతే 413 ఎర్రర్ వస్తుంది, పీహెచ్‌పీలో ఎంత వెతికినా కారణం దొరకదు.

ఎక్కించిన ఫైళ్లుండే మూడుల్‌డేటా ఫోల్డరు వెబ్ ఫోల్డరుకు బయట ఉండాలి. క్రాన్ (వేళకు పనులు తనంతట చేసేది) నిమిషానికొకసారి నడవాలి. క్రాన్ ఆగితే సైటు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ మెయిళ్లు వెళ్లవు, బ్యాకప్‌లు కావు, మధ్యలో బ్రౌజరు మూసేసిన పిల్లవాడి టెస్టు టైమ్ అయిపోయినా సబ్మిట్ కాకుండా వేలాడుతుంది. "సార్, నా మార్కులు రాలేదు" అని ఎవరైనా వస్తే మొదట క్రాన్ చూడండి.

వీడియోలు సర్వర్ మీద పెట్టొద్దు. 28 మంది తలా 20 పాఠాలు, ఒక్కోటి 400 ఎంబీ వేసుకున్నా 224 జీబీ. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా ఎక్కించి లింకు ఇవ్వండి. స్కాన్ నోట్సుకు 150 డీపీఐ, గ్రే రంగు చాలు. పిల్లలు చూసేది ఫోనులో, అదీ రోజువారీ డేటా ప్యాకు మీద.

సుద్దముక్క:

సర్వర్ సంగతి రూట్ గారు చెప్పేశారు కాబట్టి బిట్ల సంగతి నేను చెబుతాను. నిజానికి మీ పని ఆగేది అక్కడే.

అను ఫాంటులో ఉన్నది కంప్యూటరు దృష్టిలో తెలుగే కాదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ ఉన్న స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు అమర్చారు, అంతే. ఫాంటు తీసేస్తే ముసుగు తొలగి పిచ్చి గీతలు కనిపిస్తాయి. బెజవాడ ప్రెస్సుల్లో పేజ్‌మేకర్ మీద కొట్టినవన్నీ ఇదే బాపతు. వాటిని యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే పద్ధతి) మార్చక తప్పదు. కన్వర్టర్లు దొరుకుతాయి, కానీ ముందు మీ ఫైలు ఏ వెర్షన్ ఫాంటులో కొట్టారో ఆపరేటరును అడగండి. వెర్షన్ మారితే అక్షరాల పటమూ మారుతుంది, తప్పు పటంతో మారిస్తే వత్తులు ఒకదాని బదులు ఒకటి వస్తాయి. ఇంకో చిక్కు, తెలుగు వాక్యం మధ్యలో ఉన్న "జీడీపీ", "ఆర్‌బీఐ" లాంటివి ఇంగ్లిష్ లిపిలో ఉంటే కన్వర్టరు వాటినీ తెలుగనుకుని మార్చిపారేస్తుంది. ఎకనామిక్స్ బిట్లలో ఇది ప్రతి పేజీలోనూ తగులుతుంది. మార్చే ముందే ఆ ఇంగ్లిష్ మాటలకు బదులు ##1##, ##2## లాంటి గుర్తులు పెట్టి తర్వాత తిప్పుకుందామంటే ఆ గుర్తులూ మారిపోతాయి. కాబట్టి ఇంగ్లిష్ ముక్కను వదిలి తెలుగు ముక్కలనే కన్వర్టరులో వేయాలి, విసుగే కానీ అదే దారి.

సాఫ్ట్ కాపీ పోయి ప్రింటు మాత్రమే ఉంటే 300 డీపీఐలో స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి, అక్షరాలుగా మారుస్తుంది. అచ్చు శుభ్రంగా ఉంటే బాగానే పట్టుకుంటుంది. వత్తులూ అంకెలూ మాత్రం ఒక మనిషి చదివి దిద్దాలి. 1857 కాస్తా 1837 అయితే జవాబే మారిపోతుంది. కొత్త బిట్లకైతే డాక్స్‌లో వాయిస్ టైపింగు తెలుగులో పనిచేస్తుంది. డీటీపీ ఆపరేటర్ల చేయి అను కీబోర్డులోని ఆపిల్ లేఅవుట్‌కు అలవాటు, రేపట్నుంచి ఇన్‌స్క్రిప్ట్ (ఇంకో తెలుగు కీబోర్డు అమరిక) కొట్టమంటే పని మూడోవంతుకు పడిపోతుంది.

బిట్లు మూడుల్‌లోకి ఎక్కించడానికి ఐకెన్ ఫార్మాట్ (మామూలు టెక్స్ట్ ఫైలు) తేలిక. ప్రశ్న ఒక్క లైనులో, కింద నాలుగు ఆప్షన్లు, ఆఖరున జవాబు లైను, తర్వాత ఒక ఖాళీ లైను. ఆప్షన్ల ముందు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలే ఉండాలి, వాటి పక్కన చుక్కో బ్రాకెట్టో. మన బిట్ పేపర్లలో 1, 2, 3, 4 అనో ఎ, బి, సి, డి అని తెలుగులోనో ఉంటుంది, అలా ఉంచితే ఎక్కదు. ఆన్సర్ అన్న మాట కూడా ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే. ప్రశ్న రెండు లైన్లకు విరిగితే అక్కడితో ఇంపోర్టు ఆగిపోతుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యుటిఎఫ్-8 ఉందో లేదో చూడండి, ఏఎన్ఎస్ఐ ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలే. మొదట పది బిట్ల ఫైలుతో ప్రయత్నించి, అది ఎక్కాకే మిగతావి.

ఆప్షన్లు షఫుల్ చేసే ముందు "పైవన్నీ", "ఏదీ కాదు", "ఎ మరియు బి" ఉన్న బిట్లు వెతికి పట్టుకోండి. షఫుల్ అయ్యాక "పైవన్నీ" పైనే వచ్చి కూర్చుంటుంది. ఆ బిట్లను తిరగరాయడం మేలు, తీరిక లేకపోతే వాటికి మాత్రం షఫుల్ తీసేయండి.

జవాబు టైపు చేయించే ప్రశ్నలు తెలుగులో పెట్టొద్దనే నా సలహా. ఒకడు "సంవత్సరం" అంటాడు, ఇంకొకడు "సంవత్సరము" అంటాడు, ఇద్దరూ ఒప్పే. అంతకంటే ముదురు సమస్య, పొల్లు తర్వాత వత్తు పడకుండా కీబోర్డు ఒక కనిపించని అక్షరం చొప్పిస్తుంది. "పార్లమెంట్‌లో" అని ఇద్దరు కొడితే కంటికి ఒకేలా ఉంటుంది, మూడుల్‌కు రెండు వేరు మాటలు. పిల్లవాడు రాసింది కరెక్టే, మార్కు సున్నా. ఎందుకో స్క్రీన్ మీద ఎంతసేపు చూసినా తేలదు.

టెస్టు సెట్టింగుల్లో ఒకటి మరిచిపోతే పరీక్ష పెట్టీ లాభం లేదు. రివ్యూ ఆప్షన్స్‌లో "సరైన జవాబు" టిక్కును, "క్విజ్ మూసిన తర్వాత" అన్న గడిలో తప్ప మిగతా అన్నిట్లోనూ తీసేయండి. లేదంటే మొదటి బ్యాచ్ బయటికొచ్చిన రెండు నిమిషాల్లో జవాబులన్నీ వాట్సాప్‌లో ఉంటాయి. 30 బిట్ల టెస్టుకు బ్యాంకులో కనీసం 90 ఉంచి ర్యాండమ్‌గా తీయించండి. అవి యూనిట్లవారీ కేటగిరీల్లో ఉండాలి, లేకపోతే ఒకడికి మొదటి యూనిట్ నుంచే ఇరవై పడతాయి.

80 సిస్టమ్‌ల మీద 640 మంది అంటే 8 బ్యాచ్‌లు. అరగంట టెస్టు, మారడానికి పావుగంట, మొత్తం ఆరు గంటలు. ఒకే రోజు తోయకండి, బీకామ్, బీఎస్సీ, బీఏలకు తలా ఒక రోజు కేటాయించండి. ప్రతి బ్యాచ్‌నూ మూడుల్‌లో ఒక గ్రూప్ చేసి గ్రూప్ ఓవర్‌రైడ్‌లో దాని టైము, దాని పాస్‌వర్డు విడిగా పెట్టొచ్చు. పాస్‌వర్డు బోర్డు మీద అప్పటికప్పుడు రాయండి.

ఉండవల్లి_గట్టు:

నేను కాస్త అడ్డం పడతాను. ఫీజు రసీదులు కొట్టే ఆపరేటరు చేతికి లినక్స్ సర్వర్ ఇస్తున్నారు. ఆరు నెలలు అప్‌డేట్ చేయని మూడుల్ కంటే గూగుల్ క్లాస్‌రూమ్ నయం. విద్యాసంస్థలకు వర్క్‌స్పేస్ ఫండమెంటల్స్ ఉచితం, సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ జాగా ఇస్తారు. సర్వర్ బెంగ లేదు, ఫోనులో పిల్లలకు అలవాటే. సొంత డొమైన్ ఉండి, గుర్తింపు కాగితాలు చూపిస్తే చాలు.

లోటూ చెబుతాను. క్లాస్‌రూమ్‌లో బిట్ బ్యాంకు అనేది లేదు, టెస్టు గూగుల్ ఫారమ్‌లో పెట్టాలి. ఫారమ్‌లో ప్రశ్నల వరుస మార్చొచ్చు కానీ 90లో 30 తీసి ఇవ్వడం రాదు. లాక్డ్ మోడ్ (పరీక్షలో వేరే పేజీలు తెరవనివ్వనిది) క్రోమ్‌బుక్‌లకే, మీ ల్యాబులో విండోస్ సిస్టమ్‌లుంటే ఉపయోగం లేదు. నోట్సు, అసైన్‌మెంట్లు మాత్రమే అయితే నేను క్లాస్‌రూమ్‌కే ఓటు వేస్తాను. నెలనెలా ల్యాబులో బిట్ టెస్టు అంటున్నారు కాబట్టి మూడుల్ కాదనలేను. కానీ సర్వర్ చూసుకోవడానికి నెలకు రెండు గంటలు ఎవరిదో, పేరు కాగితం మీద రాసుకుని మొదలుపెట్టండి.

పటమట_కామర్స్:

అందరికీ ధన్యవాదాలండీ. కంప్యూటర్స్ లెక్చరర్ ఒకరు సర్వర్ బాధ్యత తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఇంకా నాలుగు సందేహాలు.

ఒకటి, పరీక్ష మధ్యలో నెట్ పోతుందేమోనని ల్యాబులోనే ఒక సిస్టమ్‌ను సర్వర్ చేద్దామంటున్నారు. ఇంటినుంచి నోట్సు చూడ్డానికి బయటి చిరునామా, ల్యాబులో లోపలి ఐపీ, రెండింటితోనూ తెరుచుకునేలా చేయొచ్చా? రెండు, 640 మందిని ఎలా ఎక్కించాలి, చాలామందికి మెయిల్ ఐడీ లేదు. మూడు, బ్యాకప్. నాలుగు, న్యాక్‌కు (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఇచ్చిన లింకుల్లో సగం ఇప్పుడు తెరుచుకోవడం లేదు, ఇది వర్డ్‌ప్రెస్ తప్పా?

బ్రాడీపేట_రూట్:

మొదటిదానికి: మూడుల్‌కు ఒకటే చిరునామా. కాన్ఫిగ్ ఫైలులో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూరూట్ అని ఏది రాస్తే అదే. లోపలి ఐపీతో తెరిస్తే బయటి చిరునామాకు తోసేస్తుంది, లేదా బొమ్మలూ స్టైలూ లేకుండా బోసిగా వస్తుంది. కొందరు ఆ లైనులో కోడు మార్చి రెండూ నడిపిస్తారు, పాఠాల్లో ఉన్న లింకులన్నీ తర్వాత కంగాళీ అవుతాయి. సరైన పద్ధతి ఏమిటంటే ల్యాబు రౌటర్లోనో లోపలి డీఎన్ఎస్‌లోనో మూడుల్ పేరుకు లోపలి ఐపీ చూపించడం. పేరు అదే, ల్యాబులో లోపలి దారి, బయట బయటి దారి.

అయినా ల్యాబులో సర్వర్ పెట్టమని నేను చెప్పను. రోహిణీ కార్తెలో బెజవాడ గదిలో రాత్రంతా ఏసీ లేకుండా ఆ మిషను నడవాలి, యూపీఎస్ బ్యాటరీలు చూసుకోవాలి, బయటికి స్టాటిక్ ఐపీ (మారని చిరునామా) కొనాలి. దానికంటే వీపీఎస్ మీదే ఉంచి ల్యాబుకు రెండో నెట్ లైను పెట్టించుకోండి. నెట్ రెండు నిమిషాలు పోయినా కొంప మునగదు, క్విజ్ జవాబులను మామూలుగా నిమిషానికోసారి తనంతట తానే సేవ్ చేస్తుంది. పేజీకి 5 బిట్లు చొప్పున పెడితే పేజీ మార్చినప్పుడల్లా కూడా సేవ్ అవుతుంది. నెట్ రాగానే అక్కడినుంచే సాగుతుంది.

ఒక్క జాగ్రత్త. ల్యాబులోని 80 సిస్టమ్‌లూ బయటికి ఒకే ఐపీతో వెళ్తాయి. సర్వర్ మీద ఫెయిల్‌టూబ్యాన్ లాంటి కాపలా ఉంటే, పది మంది పాస్‌వర్డు తప్పు కొట్టగానే దాడి అనుకుని ఆ ఐపీని మూసేస్తుంది, ల్యాబు మొత్తం బయటే. కాలేజీ ఐపీని మినహాయింపు జాబితాలో ముందే వేయండి. పరీక్ష ల్యాబునుంచే రాయాలంటే క్విజ్‌లో నెట్‌వర్క్ అడ్రస్ గడిలో అదే ఐపీ ఇవ్వండి. ఇంటినుంచి రాసే టెస్టుకు మాత్రం అది వాడకండి, మొబైల్ డేటాలో ఐపీ గంటగంటకూ మారుతుంది.

విద్యార్థులను సీఎస్‌వీతో (ఎక్సెల్‌లో చేసే జాబితా ఫైలు) ఎక్కించండి. పై వరుసలో యూజర్‌నేమ్, ఫస్ట్‌నేమ్, లాస్ట్‌నేమ్, ఈమెయిల్, పాస్‌వర్డ్, కోహార్ట్1 అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. యూజర్‌నేమ్‌గా హాల్‌టికెట్ నంబరు, దాన్లో అక్షరాలుంటే చిన్నవిగా మార్చాలి, మూడుల్ పెద్దక్షరాలను ఒప్పుకోదు. ఎక్సెల్ రెండు చోట్ల దెబ్బకొడుతుంది. పొడవైన నంబర్లను 2.2ఈ+11 అని కుదించేస్తుంది, అందుకని ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్ చేయండి. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు పేర్లు పోతాయి, "సీఎస్‌వీ యుటిఎఫ్-8" ఎంచుకోండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఆ వరుస ఎక్కదు, పొడి అక్షరమైనా సరే వేయండి. మెయిల్ లేనివాళ్లకు హాల్‌టికెట్ నంబరు పక్కన, ఇన్‌వాలిడ్‌తో ముగిసే ఉత్తుత్తి చిరునామా ఇవ్వండి. ఆ ముగింపు ఎవరికీ కేటాయించరు కాబట్టి మెయిల్ పొరపాటున పరాయివాళ్లకు పోదు. వాళ్లకు పాస్‌వర్డు మార్చడం ఆఫీసులో చేయించాలి.

క్లాసుకో కోహార్ట్ (విద్యార్థుల జాబితా) చేసి కోర్సుకు కోహార్ట్ సింక్ పెడితే, జాబితాలో పేరు చేర్చినా తీసినా కోర్సులో దానంతటదే సరిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి, మామూలు జీమెయిల్ ద్వారా రోజుకు 500 మెయిళ్లే పోతాయి. 640 మందికి ఒక్క ప్రకటన వేసినా కోటా అయిపోయి మిగతా 140 ఆగిపోతాయి. ప్రకటనలకు మూడుల్ యాప్ నోటిఫికేషన్లు పెట్టి మెయిల్ ఆపేయండి.

బ్యాకప్ అంటే మూడు ముక్కలు: డేటాబేస్, మూడుల్‌డేటా, కాన్ఫిగ్‌తో సహా కోడు. డేటాబేస్ ఒక్కటే ఉంచుకున్నవాళ్లకు కోర్సుల పేర్లూ మార్కులూ వస్తాయి, ఫైళ్లు రావు, ఎందుకంటే ఫైళ్లన్నీ హ్యాష్ పేర్లతో మూడుల్‌డేటాలో ఉంటాయి. రాత్రి 2 గంటలకు డేటాబేస్ డంపు (నకలు) తీసి, వెంటనే మూడుల్‌డేటాను వేరే చోటికి ఆర్‌సింక్‌తో కాపీ చేయండి, క్యాషె, టెంప్ ఫోల్డర్లు వదిలేయొచ్చు. వారం రోజులవి, నెలకొకటి ఉంచండి. ఒక కాపీ ఊరికి బయట ఉండాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని కింది అంతస్తులు మునిగాయో చూశాం కదా, ఆఫీసు గదిలోని హార్డ్‌డిస్కు ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు. సెమిస్టరుకోసారి ల్యాబులో ఒక సిస్టమ్ మీద ఆ బ్యాకప్ ఎక్కించి తెరుచుకుంటోందో లేదో చూడండి.

కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు పాత కోర్సును "రీసెట్" కొట్టకండి, పాత మార్కులు పోతాయి. యూజర్లు లేకుండా కోర్సు బ్యాకప్ తీసి కొత్త కోర్సుగా రీస్టోర్ చేయండి.

ఐక్యూఏసీ_ఫైలు:

న్యాక్ లింకుల సంగతి. తప్పు వర్డ్‌ప్రెస్‌ది కాదు, ఫైలు లింకును నేరుగా నివేదికలో పెట్టడం వల్ల వచ్చింది. పాత పీడీఎఫ్ తీసేసి దిద్దినది ఎక్కిస్తే కొత్త నెల ఫోల్డరులో పడుతుంది, లింకు మారుతుంది. పాతది తీయకుండా అదే నెలలో అదే పేరుతో ఎక్కిస్తే పేరు చివర "-1" తగిలిస్తుంది, నివేదికలో ఉన్న లింకు పాత తప్పుల ఫైలునే చూపిస్తూ ఉంటుంది. నివేదికలో ఎప్పుడూ పేజీ లింకు ఇవ్వండి: న్యాక్ అడిగే ఒక్కో మెట్రిక్‌కు (అంశానికి) ఒక పేజీ, ఫైలు ఆ పేజీలో. ఫైలు ఎన్నిసార్లు మారినా పేజీ చిరునామా కదలదు.

పేజీ చిరునామా మాత్రం ఇంగ్లిష్‌లో రాయండి. తెలుగు శీర్షిక పెట్టి వదిలేస్తే వర్డ్‌ప్రెస్ దాన్నే చిరునామాగా మారుస్తుంది. లోపల ఒక్కో తెలుగు గుర్తుకు తొమ్మిది అక్షరాలు పడతాయి, హద్దు 200, అంటే 22 గుర్తుల దగ్గర తెగిపోతుంది. అక్షరం, గుణింతం, పొల్లు అన్నీ విడిగా లెక్కే. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల దండలా వస్తుంది.

డొమైన్ మార్చి ఉంటే పాతదాన్ని కూడా రెన్యువల్ చేస్తూ కొత్తదానికి 301 దారి మళ్లింపు పెట్టండి. ఏసీ.ఇన్ డొమైన్ అయితే ఎర్నెట్ అనే సంస్థ దగ్గర తీసుకుంటారు, దాని లాగిన్ ప్రిన్సిపాల్ ఆఫీసు మెయిల్ మీద ఉందో, సైటు కట్టినవాళ్ల మెయిల్ మీద ఉందో ఇవాళే చూడండి.

నోటీసులు పెట్టడానికి హెచ్‌వోడీలకు అడ్మిన్ ఇవ్వకండి. కంట్రిబ్యూటర్ ఇస్తే రాస్తారు కానీ ప్రచురించలేరు, ఆఫీసులో ఎడిటర్ ఒకరు చూసి వదులుతారు. చిక్కల్లా కంట్రిబ్యూటర్‌కు ఫైలు ఎక్కించే హక్కు లేకపోవడం. పీడీఎఫ్ జత చేయలేక రెండో రోజే అందరూ అడ్మిన్ పాస్‌వర్డు అడుగుతారు. రోల్ మార్చే ప్లగిన్‌తో ఆ ఒక్క హక్కు కలపండి. నోటీసును స్కాన్ బొమ్మగా మాత్రమే పెట్టకుండా ముఖ్యమైన రెండు వాక్యాలు టైపు చేయండి, లేకపోతే వెతికితే దొరకదు.

మార్కుల జాబితాలూ, ఫోన్ నంబర్లున్న అడ్మిషన్ లిస్టులూ సైటులో ఉంటే తీసేయండి. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు పిల్లల కిందే లెక్క, డిగ్రీ మొదటి సంవత్సరంలో అలాంటివాళ్లు కొందరుంటారు.

సుద్దముక్క:

రెండు చేర్పులు. ఇంటర్నల్ లెక్కలో "ఖాళీ గ్రేడ్లు వదిలేయి" అన్న టిక్కు మామూలుగా పెట్టే ఉంటుంది. దానివల్ల మూడు టెస్టుల్లో రెండు ఎగ్గొట్టి ఒకదాంట్లో 18/20 తెచ్చుకున్నవాడికి 90 శాతం చూపిస్తుంది, మూడూ రాసి 16 చొప్పున తెచ్చుకున్నవాడికి 80. రాని వాళ్లకు సున్నా వేయండి, లేదా సెమిస్టరు చివర ఆ టిక్కు తీయండి.

మూడుల్‌లో సర్టిఫికెట్లు తెలుగులో ఇద్దామనుకుంటే ముందు ఒకటి తీసి చూడండి. పీడీఎఫ్ తయారు చేసే టీసీపీడీఎఫ్‌కు తెలుగు వత్తులు కూర్చడం రాదు. "విద్యార్థి" అన్న మాటలో ద కింద య వత్తు పడకుండా విడివిడిగా వస్తుంది. ఫాంటు మార్చినా ఫలితం ఉండదు. పేరు ఇంగ్లిష్‌లో ఉంచి, మిగతా తెలుగు వాక్యాలను బొమ్మగా చేసి వెనక పరిస్తే పని జరుగుతుంది. పేర్లు కూడా తెలుగులోనే కావాలంటే జాబితా ఎక్సెల్‌లోకి దించుకుని వర్డ్‌లో మెయిల్ మెర్జ్ చేసుకోండి.

పటమట_కామర్స్:

సర్టిఫికెట్లకు మెయిల్ మెర్జే చేస్తామండీ. డొమైన్ లాగిన్ చూశాం, సైటు కట్టినవాళ్ల మెయిల్ మీదే ఉంది. ముందు ఆ పని మీద వెళ్తున్నాం.